తొమ్మిది వోల్టుల మేనల్లుడు

మా అమ్మమ్మ బేస్ గిటారు మీద లావు తీగ ఒక్కసారి మీటితే భూమి తిరగడం ఆపి చెవి ఒగ్గేది. ఒగ్గనిది జనమే. తన తమ్ముడు నడిపే పాటల బృందంలో ఆవిడ ఇరవై ఏడేళ్లు డ్రమ్ముల పక్కన, వెనక వరసలో నిలబడింది. చప్పట్లన్నీ ముందు వరస పట్టుకుపోయేది. "నువ్వు వాయిస్తే ఎవరికీ వినపడదు, మానేస్తే పాట బోర్లా పడుతుందక్కా" అనేవాడు తమ్ముడు. దాన్నే మెచ్చుకోలు అనుకుని సర్దుకుంది.

చేతిమైకుల బ్యాటరీలు చూసే పనీ ఆవిడదే. నాలుకకి ఆనించేది. చురుక్కుమంటే కొత్తది, చిమచిమలాడితే కొన ఊపిరిది, ఏమీ అనకపోతే చెత్తబుట్టకి.

ఒకనాడు ఆవిడ మేనల్లుడు, ఆ తమ్ముడి కొడుకే, కొత్త బేస్ గిటారుతో దిగాడు. దాని కడుపులో చిన్న సర్క్యూటు, మైకుల్లో వేసేలాంటి తొమ్మిది వోల్టుల బ్యాటరీ. స్వరం బరువు పెంచడానికి ఒక నాబ్, పదును పెంచడానికి ఇంకోటి.

"ఇది యాక్టివ్ అత్తా. నీది పాసివ్."

"అంటే నాది సోమరిదా?"

"కాదు. తీగ ఇచ్చిందే పంపిస్తుంది, సొంతంగా ఏమీ కలపదు."

"నేనూ ఇన్నేళ్లూ అంతేగా చేసింది!"

బృందానికి బేస్ ఒక్కటి చాలు. "తెర కట్టి వాయించండి. ఏది బాగుంటే అది ఉంటుంది, వాయించినవాళ్లూ ఉంటారు" అన్నాడు తమ్ముడు. రిహార్సల్ గదిలో దుప్పటి అడ్డం కట్టారు. ఇవతల కూర్చున్నవాళ్లంతా ఒకటే మాట: "మొదటిది గొంతు రాసుకుపోయినట్టుంది. రెండోదే కొత్తది, అదే ఉంచండి!"

దుప్పటి తీస్తే రెండోది అమ్మమ్మది. ఆవిడ ముఖం వెలిగింది. తమ్ముడిది మాడింది. మేనల్లుడు బ్యాటరీ ఊడదీసి నాలుకకి ఆనించుకున్నాడు. "కొన ఊపిరిది నాన్నా ఇది! లెక్కలోకి రాదు."

కొత్త బ్యాటరీ వేశారు. దుప్పటి మళ్లీ కట్టలేదు. అందరూ తమ్ముడి ముఖం చూస్తూ విన్నారు, చేతులు మేనల్లుడి వైపు ఎత్తారు. ఇరవై ఏడేళ్లు ఆవిడ వేళ్లు చూసి తాళం వేసిన డ్రమ్ముల ఆయన కూడా, కాకపోతే కాస్త ఆలస్యంగా.

"నువ్వు మాత్రం రావాలక్కా. మైకుల బ్యాటరీలు నీ అంత బాగా ఎవరు చూస్తారు?" అన్నాడు తమ్ముడు. ఆవిడ తీగలు తుడిచి, గిటారు పెట్టెలో పెట్టి మూత వేసింది. ఇప్పటికీ వెళ్తుంది, బ్యాటరీలు నాలుకకి ఆనించడానికి.

ఇది రాస్తూ నాకు ఒళ్లు మండింది. "రెండోసారి కూడా తెర కట్టమని అడగలేకపోయావా అమ్మమ్మా? నోరు లేదా?"

"లేదే. మొదటిసారి వాడి గిటారులో కొన ఊపిరి బ్యాటరీ ఏరి పెట్టింది ఎవరనుకున్నావు?"