మందుకు చావని పేలు

నా కూతురి తలలో పేలు పడ్డాయని మొదట నాకు చెప్పింది మా ఆడబిడ్డ. చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, భోజనాల బంతి మధ్యలో, చుట్టుపక్కల విస్తళ్లన్నిటికీ వినిపించేలా చెప్పింది.

"గిదేందే, నీ బిడ్డ తలల పేలు పాకుతున్నయ్! మీ దిల్‌సుఖ్‌నగర్ గల్లీలల్ల గింతే. గా హాస్టళ్లు, గా మంది. అవి పోయేదాక మా పిల్ల పక్కకు రానియ్యకు."

ఆమెది నాగోల్‌లో కొత్త అపార్ట్‌మెంట్. లిఫ్టు ఉన్నచోటికి పేలు రావని ఆమె నమ్మకం.

వచ్చే ఆదివారమే వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్. స్టేజీ మీద పక్కన కూర్చోవడానికి మా పిల్లకూ అదే రంగు లంగా కుట్టించాం. వేసవి సెలవుల్లో వాళ్లింట్లో ఇద్దరూ ఒకే దిండు మీద తలలు పెట్టుకుని ఆ ముచ్చటే చెప్పుకున్నారు. ఇప్పుడేమో ఇంటికొచ్చి ఏడ్చింది. "పేలు సావకపోతే నన్ను కూసోనియ్యరా అమ్మా?"

"మా అక్క మాటలు పట్టించుకోకు" అన్నాడు మా ఆయన. ఆయన పట్టించుకోడు. నేను మరిచిపోను. నా పెళ్లిలో ఈ వదినే నా జడ చూసి "సవరం పెట్టిన్రా?" అని అడిగింది. సవరం పెట్టలేదు.

మా ఇంట్లో పేలకు వేపనూనె, దువ్వెన, ఎండ. అంతకుమించి ఏదీ వాడింది లేదు. ఈసారి అంత వ్యవధి లేదు కనుక మొదటిసారి మందు కొన్నాను. సీసా మీద రాసినట్టే పట్టించి, చెప్పినంతసేపూ ఉంచి, తల కడిగాను. ఆరిన తరువాత పాయ తీసి చూస్తే, సాయంత్రం షికారుకు బయలుదేరినట్టు తిరుగుతున్నాయి.

అప్పుడు మా నాన్న పత్తిచేను గుర్తుకొచ్చింది. నల్లగొండ పక్కన మా ఊళ్లో ఆయన పురుగుమందులో నీళ్లు ఎక్కువ కలిపి కొట్టేవాడు. మెతక పురుగు చచ్చేది, మొండిది మిగిలేది. మిగిలినవే పిల్లల్ని పెట్టేవి. కొన్నేళ్లకు చేనంతా మొండివాటి సంతానమే. పురుగు ఏమీ నేర్చుకోలేదు. చచ్చేవాటిని మేమే ఏరిపారేసి, చావనివాటికి చేను అప్పగించాం.

పేను అంతకన్నా ఘనం. దాని పూర్వీకులకు రెక్కలుండేవట. ఒంటిని అంటిపెట్టుకుని బతికే దానికి రెక్కలెందుకు? తరతరాలుగా అవి పోయాయి, కాళ్ల చివర వెంట్రుక లావుకు సరిపోయే కొక్కేలు వచ్చాయి. ఒంటి రంగు కూడా మన జుట్టులో కలిసిపోతుంది. ఖాళీ చేయమంటే చేయని కిరాయిదారు.

సరే, మొండివే అనుకుందాం. కానీ మా ఇంట్లో అడుగే పెట్టని మందును మా పిల్ల తలలోవి ఎలా తట్టుకున్నాయి? పిల్లను సెలవులకు దింపడానికి వెళ్లినప్పుడు వదిన బాత్రూం అలమరలో అదే సీసా చూశాను. "వాసన కొడ్తదే, సగం నీళ్లు కలుపుత, జరసేపుంచి కడిగేస్త" అని ఆమే చెప్పింది.

శుక్రవారం స్కూలు అవగానే పిల్లను తీసుకుని ఆటోలో నాగోల్ వెళ్లాను.

"వదినా, మా ఇంట్ల ఆ మందు ఎన్నడు వాడలే. మరి మా పిల్ల తలల పేలు దాన్ని ఎట్ల తట్టుకున్నయ్?"

"నాకేమెరుక? పేలనే అడుగు పో."

"ఆ మందుకు సచ్చేటివి మీ ఇంట్లనే సచ్చినయ్. సావనివి దిండు మీదికెళ్లి మా ఇంటికొచ్చినయ్."

ఆమె నోరు తెరిచేలోపే, వెనక సోఫాలో వాళ్లమ్మాయి రెండు చేతులతో తల గోక్కుంది. వదిన కూతురి వైపు చూసింది. తరువాత గోడ గడియారం వైపు చూసింది.

"ఎల్లుండే ఫంక్షనాయె. గిప్పుడెట్లనే?"

మందును తట్టుకున్నా, సన్న పళ్ల దువ్వెన సందులోంచి జారిపోవడం పేనుకు ఇంకా చేతకాలేదు. కొబ్బరినూనె, దువ్వెనలు, తెల్ల తువ్వాలు పట్టుకుని టెర్రస్ మీదకు వెళ్లాం. నేను వాళ్ల పిల్లకు, ఆమె మా పిల్లకు. తువ్వాలు మీద పడినవాటిని చూసి పిల్లలిద్దరూ "ఇది నీది, ఇది నాది" అని పంచుకుంటున్నారు. వాళ్లవి అయిపోయాక వదిన నా ముందు కూర్చుని కొప్పు విప్పింది.

"జర నా తల గూడ చూడరాదే."

ఒకటి దొరికింది. వెంటనే చంపలేదు. గోరు మీద పెట్టి ముందు ఆమెకు చూపించాను.

"మీ పిల్ల తలలకెళ్లి గిప్పుడే నా తలకెక్కినట్టుంది" అంది.

శనివారం మళ్లీ వెళ్లి దువ్వాం. ఆదివారం పిల్లలిద్దరూ స్టేజీ మీద పక్కపక్కనే కూర్చున్నారు, ఒకే రంగు లంగాల్లో. వచ్చినవాళ్లంతా జడలు మెచ్చుకున్నారు. "మా తమ్ముని భార్యనే దువ్వింది, రెండ్రోజులు కష్టపడ్డది" అని వదిన అందరికీ చెప్పింది.

ఎందుకు దువ్వానో మాత్రం ఆమె చెప్పలేదు. వినడానికి విస్తళ్లు ఆరోజు కూడా పరిచే ఉన్నాయి.