బాపుకిచ్చిన మత్తు

న్యుమోనియా ముదిరిన మా బాపును బోధన్ నుంచి నిజామాబాద్‌లోని ఒక ఆసుపత్రికి తీసుకొచ్చారు. గొంతులో గొట్టం వేసే ముందు డాక్టరమ్మ మా అమ్మను అడిగిందట, "ఈయనకు తాగే అలవాటుందా?" అని.

"లేదమ్మా, మా ఆయన గసుంటోడు గాదు."

అమ్మ అబద్ధమాడలేదు. చెరకు తోట నుంచి వస్తూ బాపు రోజూ కల్లు దుకాణంలో కూర్చునేవాడు. మా వైపు దాన్ని తాగుడు కింద లెక్కించరు. సారా, బ్రాందీ అయితేనే తాగుడు. ఆ కల్లులో చెట్టు నుంచి దిగింది ఎంతో, కలిపిన మత్తు పొడి ఎంతో ఎవరూ అడగరు.

మర్నాడు హైదరాబాద్‌లోని కాలేజీ నుంచి నేను చేరేసరికి బాపు చేతులు మంచానికి కట్టి ఉన్నాయి. మత్తుమందు ఎక్కుతూనే ఉన్నా ఒళ్ళంతా వణుకు. వెంటిలేటర్ గాలిని లోపలికి పోనివ్వకుండా దగ్గుతూ పెనుగులాడుతున్నాడు. ఈ మోతాదుకు ఎందుకు లొంగడం లేదో తెలియడం లేదని డాక్టరమ్మ అన్నది. కల్లు సంగతి చెప్పాను.

"ఇది నిన్ననే తెలియాల్సింది. కల్లులో పొడికి అలవాటైన ఒంటికి మామూలు మోతాదు చాలదు, అది ఒక్కసారిగా ఆగితే ఇలాగే వణుకుతారు," అంటూ ఆమె వెంటనే మందులు మార్చింది. కొత్తగా కలిపిన మత్తుమందు గురించి అడిగితే, ఇన్‌ఫెక్షన్ వల్ల ఒంట్లో చెలరేగే వాపును అది తగ్గిస్తుందనీ, ఊపిరితిత్తులకూ కిడ్నీలకూ కొంత రక్షణ ఇస్తుందనీ కొందరు అంటున్నారని చెప్పింది.

"రుజువైందా మేడం?"

"ఎలుకల్లో కనిపించింది. మనుషుల్లో ఇంకా తేలలేదు. డిబేట్లకు వెళ్తావా ఏంటి? నేనిస్తున్నది వణుకు ఆగడానికి. మిగతాది ఆశ, అంతే."

తలుపు దగ్గర నిలబడిన అమ్మ అంతా విన్నది. "మత్తే మీ బాపును ఖరాబ్ జేసె. మల్ల మత్తే కాపాడుతదా?" అన్నది.

వణుకు ఆగింది. బాపు ముఖం చాలాకాలం తర్వాత తేటపడింది. కానీ మూత్రం సంచి నిండలేదు. డయాలసిస్ మొదలుపెట్టారు, బీపీ నిలబడలేదు. కళ్ళు తెరవకుండానే పోయాడు.

దినాలు అయ్యాక, చుట్టాలు వెళ్ళిన మధ్యాహ్నం, అమ్మ అన్నం ముందు కూర్చుని అడిగింది.

"నేను ముందుగాలనే కల్లు ముచ్చట జెప్తే గా మందు ముందే ఇస్తుండ్రి గదా. కిడ్నీలు మంచిగుంటుండెనా?"

కాలేజీ డిబేట్ పోటీల్లో ఏ పక్షమిచ్చినా వాదించేవాణ్ణి. కాదంటే ఆమె నాలుగు మెతుకులు తింటుంది. కానీ కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. అవుననడానికీ లేదు.

"తెల్వదమ్మా. డాక్టర్లకు గూడ తెల్వది."

"గంత సదువు సదివి గిదొక్కటి తెల్వదా నీకు?"

"ఆమె తాగుడు గురించి అడిగింది. కల్లని అడగలే. నువ్వు అడిగినదానికే జెప్పినవ్."

అమ్మ కంచం పక్కకు జరిపింది.

"ఆమెది ఏ ఊరో ఏమో, గీ కల్లుల ఏం గలుపుతరో ఆమెకేమెరుక. నాది గిదే ఊరు గద బిడ్డా."