మణి స్టెబిలైజర్

సిరిసిల్లలో మగ్గానికి కండెలు చుట్టిన చేతులు మణెమ్మవి. పెళ్లై అమీర్‌పేటకు వచ్చాక ఆ చేతులతోనే రాగితీగ చుట్టింది. ఫ్రిజ్‌లకు స్టెబిలైజర్లు తయారుచేసే భర్త సిద్ధిరాములు "జర మెల్లగ, తీగ తెగుతది" అంటే, "నూలు కంటే ఎక్కువ తెగుతదా?" అని నవ్వేది. ఎన్నడూ తెగలేదు. అందుకే డబ్బా మీద ఆయన తన పేరు కాకుండా 'మణి' అని రాయించాడు. ఇరవై ఏళ్లు బల్కంపేట దాకా ఏ ఇంట్లో చూసినా మణి స్టెబిలైజరే. కాస్త గొప్పలు పోయేవాడు. పోనివ్వండి, అంతటి పనితనం మరి.

మూడేళ్ల కింద మణెమ్మ పోయింది. ఆమె లేని బల్ల ముందు సిద్ధిరాములు కూర్చోలేకపోయాడు. అప్పుడే పంజాగుట్ట వ్యాపారి సురేందర్ వచ్చాడు.

"ఫికర్ చెయ్యకన్నా. మాల్ ఫ్యాక్టరీ నుంచి వస్తది, నువ్వు పేరియ్యి చాలు. వదిన పేరు షహరంత ఉంటది."

ఆ ఒక్క మాటకు ఆయన పడిపోయాడు. కాగితాల మీద సంతకం పెట్టాడు. తొలి సరుకుకు స్టిక్కర్లు తన చేత్తోనే, వంకర పోకుండా అంటించాడు. ఏ వస్తువు కొన్నా మూత విప్పి చూడందే నిద్రపోని మనిషి, ఆ డబ్బాలను మాత్రం విప్పలేదు. ఆమె పేరున్నదాన్ని అనుమానించడానికి మనసొప్పలేదు, పిచ్చి మనిషికి.

ఎండాకాలం రాగానే అవి ఒక్కొక్కటే కాలిపోయాయి. మధురానగర్ నుంచి కమలకుమారి గారు డబ్బా పట్టుకుని వచ్చారు.

"ఏంటండీ ఇది? మణి అని నమ్మి కొన్నాను. ఇంత నాసిరకమా?"

సిద్ధిరాములు మూత విప్పాడు. లోపల రాగి కాదు, రాగి రంగు పూసిన అల్యూమినియం తీగ. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందులు. మణెమ్మ అయితే దాన్ని అక్కడే విసిరికొట్టేది.

ఆ పూటే పంజాగుట్ట వెళ్లాడు. "నా మణెమ్మ పేరు నాకిచ్చెయ్యి సురేందర్. ఇంకేమద్దు."

"ఎట్లిస్తనే అన్నా? పేరు కంపెనీ మీద రిజిస్టరైంది. సంతకం నువ్వే పెట్టినవ్ గద." సురేందర్ కసురుకోలేదు, టీ కూడా తెప్పించాడు. సిద్ధిరాములు దాన్ని ముట్టకుండా లేచి వచ్చేశాడు.

ఇంట్లో ఫ్రిజ్ పక్కన, మణెమ్మ ఆఖరుసారి చుట్టిన స్టెబిలైజర్ ఉంది. ఇప్పటికీ వేడెక్కదు. సిద్ధిరాములు బ్లేడు తీసుకుని దాని ముందు చతికిలబడ్డాడు. ఏడుస్తూనే, డబ్బా మీది 'మణి' అన్న అక్షరాలను గీకేశాడు. ఆ పేరు చూసి, ఆమె చేసినదాన్ని కూడా ఎవరైనా ఆ కాలిపోయే డబ్బాల్లో ఒకటనుకుంటే ఆయన తట్టుకోలేడు.