కొమురమ్మ చేసిన సాఫ్

కొమురమ్మ పాలమూరు జిల్లా నుంచి మాదాపూర్ వచ్చి పదేళ్లయింది. అప్పట్లో అక్కడన్నీ గుట్టలే. ఒక్కో గుట్టను పేలుస్తుంటే రాళ్లు ఎత్తిపోసింది, ఇసుక మోసింది, చివరికి పదిమంది ఆడవాళ్ల ముఠాకు పెద్ద అయింది. గుట్టలు పోయినందుకు ఏనాడూ బాధపడలేదు. గుట్ట పోతేనే కూలి, కూలి ఉంటేనే కూడు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆమె పనిచేస్తున్న కొత్త కంపెనీ భవనం వెనక ఒక పాత కట్టడం మిగిలి ఉంది. నవాబుల కాలం నాటిదనేవారు, ఏ నవాబో ఎవరికీ తెలియదు. మూడు కమాన్లు, సగం కప్పు, చుట్టూ సీతాఫలం పొదలు. తుమ్మితే ఊడే ముక్కులా ఉండేది. అయినా మాడు పగిలే ఆ ఎండలో నీడంటే అదొక్కటే. మధ్యాహ్నం ఆడవాళ్లంతా అక్కడే సద్ది విప్పేవారు. కొమురమ్మ మనవరాలు కమాను కింద చీర ఊయలలో నిద్రపోయేది. పిల్లను ఊపుతూ గోడను తడిమితే గచ్చు నున్నగా చేతికి తగిలేది. ఈ సున్నం కూడా ఎవరో ఆడమనిషి నెత్తిన గంపతో మోసిందే కదా అనిపించేది ఆమెకు. నవాబు పేరే మిగలలేదు, ఇక ఆ మనిషి పేరెవరు చెబుతారు?

ఇంజనీరు కృపానందం గుంటూరు వైపు మనిషి. మంచివాడే కానీ, వచ్చి ఎనిమిది నెలలు కాకముందే ఇక్కడి భాష వచ్చేసిందని తెగ సంబరం. శనివారం సాయంత్రం ఊరికి బయలుదేరుతూ కొమురమ్మను పిలిచాడు.

"సోమవారం కంపెనీ పెద్దాయన వస్తున్నారు. కార్లు పెట్టుకోవడానికి చోటు కావాలంట. ఆ వెనక జాగా మొత్తం సాఫ్ చేయించు."

"సాఫే గద సార్? చేపిస్త, ఫికర్ చెయ్యకు."

కూలగొట్టి చదును చేయమని ఆయన ఉద్దేశం. కట్టుబడి పనిలో సాఫ్ అంటే అదే. ఇంట్లో సాఫ్ అంటే ఊడ్చి కడగడం. కొమురమ్మకు రెండూ తెలుసు. తెలిసే మొదటిది మర్చిపోయింది.

ఆదివారమంతా ముఠాతో పొదలు నరికించింది. కూలిన రాళ్లను పక్కకు పేర్పించింది. గబ్బిలాల పెంట ఎత్తించి, బిందెలతో నీళ్లు తెచ్చి నేలంతా కడిగించింది.

సోమవారం పొద్దున కమాన్లు అలాగే నిలబడి ఉండడం చూసి కృపానందం పరుగున వచ్చాడు.

"నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి కొమురమ్మా!"

"సాఫ్ జెయ్యమంటిరి, జేసినం సార్."

ఆయన నెత్తి పట్టుకునేలోగానే కారు రానే వచ్చింది. పెద్దాయన చెమటలు కక్కుతూ దిగి, తిన్నగా కమాన్ల కిందికి నడిచాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"ఇంత చల్లగా ఉంటే దీన్ని కొట్టడమెందుకండీ? చుట్టూ పచ్చిక వేయించండి. కార్లు ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు" అన్నాడు.

కృపానందం బతుకుజీవుడా అనుకున్నాడు. కొమురమ్మ ఆ రోజు ముఠా అందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించింది.

వానలకు పచ్చిక ఒత్తుగా వచ్చింది. దాని వెంటే కంచె, కంచెకు గేటు, గేటుకొక వాచ్‌మన్ వచ్చారు. కూలోళ్లకు లోపలికి తావు లేదన్నాడతను. పక్కన రెండో భవనం పని ఇంకా నడుస్తూనే ఉంది. కొమురమ్మ మనవరాలి ఊయలను పరంజా సర్వీ కర్రలకు కట్టింది. పిల్ల ఎండకు ఏడ్చింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. గింతకన్న కూలగొట్టిందే నయం గదనే!" అని ముఠాలో రత్నమ్మ మండిపడింది.

కొమురమ్మకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని కంచె వైపు చూసింది.

"గట్లనకు రత్నమ్మా. ఇయ్యాల మనల్ని రానిస్తలేరు, నిజమే. గోడ నిలవడ్డది గద, ఎప్పటికన్న మల్ల దాని నీడకు పోవచ్చు. కూలితే యాడికని పోతవు?"