చిన్నకాడి

"మన పశువుల డాక్టరుగారు పోయారమ్మా" అని ప్రత్తిపాడు నుంచి నాన్న ఫోన్ చేశాడు. రెండు వారాలయింది. తెలియని మాట ఎదురైతే అడగడానికి నాకున్నది ఆయనొక్కరే. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయనకు మాటల పిచ్చి. సూది వేస్తూనే, ఆ చోటికి ఆ పేరెలా వచ్చిందో చెప్పేవారు. వినేవాళ్లు లేకపోతే గేదెకైనా చెప్పేవారు. "పేరు ఊరికే పుట్టదమ్మాయ్, ఎవడో దేన్నో చూసి పెట్టుంటాడు" అనేవారు.

నేను ఇంటర్లో బైపీసీ చదివే రోజుల్లో మా ఎద్దుకి కాడి ఒరుసుకుని మెడ వాచింది, జ్వరం కూడా వచ్చింది. ఆయన మెడ పక్కన బొటనవేలితో అదిమితే నరం తాడులా ఉబ్బింది.

"దీన్ని జుగులర్ అంటారు" అన్నాను గొప్పగా.

"అంటే?"

మా పుస్తకంలో పేరు వరకే ఉంది.

"లాటిన్లో కాడిని యుగమ్ అంటారు. సంస్కృతంలో యుగం అన్నా కాడే, రెండూ ఒక తల్లి బిడ్డలు. మన మెడ కింద అడ్డంగా ఎముక ఉంది చూడు, దానికి యుగులుమ్, అంటే చిన్నకాడి, అని పేరు పెట్టారు. ఆ పేరే పోయి పోయి గొంతుకీ, ఈ నరానికీ అంటుకుంది."

నేను వెంటనే ఎద్దు మెడ కింద ఆ ఎముక కోసం తడిమాను. ఆయన పడీ పడీ నవ్వారు. "దానికెక్కడిదీ? ఎద్దుకి ఆ ఎముకే ఉండదు. నీకుంది, మీ నాన్నకుంది."

నాన్నకి ఈ గోల పట్టలేదు. వానలకి మిరపచేలో గడ్డి మొక్కల్ని మింగేస్తోంది. "రేపు గుంటక తోలకపోతే చేను గడ్డిపాలే డాక్టరుగారూ. ఒక్క పూట కడతానండీ."

"కట్టావంటే ఎద్దు దక్కదు. వాపు తగ్గిందాకా కాడి మాటెత్తకు."

"అయితే నన్ను లాగమంటారా?" అని అరిచాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే ఆయన స్కూటర్ మీద చేనికి వచ్చారు. చెప్పులు గట్టున విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మనుషులు లాగే చిన్న గుంటక తాడు భుజానికి వేసుకున్నారు. "రావయ్యా, జోడు కావాలిగా" అన్నారు. నాన్న సిగ్గుపడుతూనే రెండో తాడు అందుకున్నాడు. గుంటక పిడి నేను పట్టాను. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సాలు చివర ఆయన రొప్పుతూ ఆగారు. చొక్కా కాలర్ పక్కకి లాగి, తాడు ఒరిసి ఎర్రబడిన చోట మెడ కింది ఎముకని వింతగా వేలితో తడిమి చూసుకున్నారు. గట్టు మీద మా ఎద్దు పచ్చగడ్డి నములుతూ ఆయనకేసే చూస్తోంది.