అక్క పాటలకు నేను ఎంచిన చోటు

మా అక్క కుప్పం దగ్గర ఒక చిన్న బడిలో టీచరు. ఎక్కాలైనా, నెలల పేర్లైనా పాట కట్టి చెప్పేది. అన్నీ ఆమె సొంతంగా అల్లుకున్నవే. ఆ పక్క పిల్లల నోళ్లలో ఆడే తమిళం ముక్కలు కూడా వాటిలో కలిసిపోయేవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆమె గొంతులో గడ్డ ఉందని బెంగళూరులో తేల్చారు. స్వరపేటిక తీసేయాలి, ఆ తర్వాత మాట ఉండదు అన్నాడు డాక్టరు. అప్పటికి ఆమె కూతురికి ఏడాది నిండలేదు.

ఆపరేషనుకు మూడు వారాల గడువుంది. అక్క పాపను ఎత్తుకుని పుంగనూరులో మా ఇంటికి వచ్చింది. నేను మదనపల్లెలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి.

"ఇంటర్నెట్లో పెడితే యాడ నుంచైనా వినొచ్చంట గదప్పా. నా పాటలు పెట్టు. క్యాసెట్టయితే అరిగిపోతాది. పాప పెద్దదయ్యేదాకా ఉండాల," అంది.

సెంటర్లో పని చేస్తున్నానన్న మాటే గానీ, వెబ్‌సైట్ తయారు చేయడం నాకు రాదు. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న నా కాలేజీ స్నేహితుడికి ఫోన్ చేశాను.

"పేజీలు నోట్‌ప్యాడ్‌లో నువ్వే రాసుకో. కష్టమే, కానీ అవి నీ దగ్గరే ఉంటాయి. హోస్టింగ్, అంటే పేజీలు పెట్టుకునే చోటు, డబ్బు కట్టి తీసుకో. ఊరికే ఇచ్చేవాళ్లు ఎన్నాళ్లు ఇస్తారో మనకు తెలీదు," అన్నాడు.

డబ్బు కట్టడానికి క్రెడిట్ కార్డు కావాలి. మా ఇంట్లో ఎవరికీ లేదు. తన కార్డుతో తానే కడతానన్నాడు. ఒకరి చేత కట్టించుకోవడం నాకు నామోషీ అనిపించింది. పైగా నోట్‌ప్యాడ్‌లో రాయడం ఒక పుస్తకం చూసి మొదలుపెడితే, రెండు రోజులైనా ఒక్క పేజీ సరిగ్గా నిలవలేదు. ఉచితంగా చోటిచ్చే సైట్ ఒకటి దొరికింది. అక్షరాలు, బొమ్మలు దానిలోనే ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. గంటలో మొదటి పేజీ తయారైంది. అక్కకు చూపించాను.

"ఇది ఎన్నాళ్లుంటాదప్పా?" అని అడిగింది.

"ఎప్పటికీ ఉంటాదిలే అక్కా," అన్నాను. అది నాకు తెలిసి చెప్పిన మాట కాదు.

సెంటర్‌కు సెలవు ఉండే ఆదివారం ఇద్దరం మదనపల్లె వెళ్లాం. చప్పుడు రాకుండా షట్టర్ దించి, ఫ్యాన్ ఆపేశాను. అక్క ఒళ్లో పాపను కూర్చోబెట్టుకుని మైకు ముందు పాడింది. మధ్యమధ్య దగ్గు వచ్చేది, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. జోలపాట సగంలో ఉండగా పాప కేరింత కొట్టింది.

"మళ్లీ పాడతావా?" అన్నాను.

"ఉండనీప్పా. దాని గొంతు గూడా ఉంటాది."

తొమ్మిది పాటలు ఎక్కించాం. ఉచితంగా ఇచ్చిన చోటు చాలక ఆ ఫైళ్లను బాగా కుదించాను. ఆమె గొంతు టెలిఫోన్‌లో విన్నట్టు సన్నగా అయిపోయింది. అయినా అక్క సంతోషపడింది.

ఆపరేషన్ తర్వాత ఆమె ఏం చెప్పాలన్నా పుస్తకంలో రాసి చూపించేది. శనివారాలు పాపను కుప్పంలోని ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకుపోయి, దాని చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి పాటలు వినిపించేది. ఈలోగా మా సెంటర్ కంప్యూటర్‌కు వైరస్ పట్టి అంతా తుడిచేయాల్సి వచ్చింది. అసలు ఫైళ్లు పోయాయి. సైట్లో ఉన్నాయి కదా అని నేను పట్టించుకోలేదు. సైట్ కోసమే తెరిచిన మెయిల్‌ను కూడా ఎన్నడూ చూడలేదు.

పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా బావ ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, పాటలు రాలేదే? పేజీనే తెరుచుకోలేదంట. మీ అక్క పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు."

మెయిల్ తెరిచి చూశాను. ఉచిత సేవ నిలిపేస్తున్నామని, ఎవరి ఫైళ్లు వాళ్లు దించుకోమని రెండుసార్లు రాశారు. గడువు అప్పటికే దాటిపోయింది. స్నేహితుణ్ణి అడిగాను, ఆ సైట్ వాళ్లకు రాశాను. ఎక్కడా దొరకలేదు.

కుప్పం వెళ్లి అక్క ఎదురుగా కూర్చుని చెప్పాను. తప్పు నాదే అన్నాను. ఆమె పుస్తకం తీసి, "పాపకు ఇప్పుడే చెప్పద్దు," అని రాసింది. ఇంకో మాట రాయబోయి, పెన్ను మూత పెట్టేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మరో రెండేళ్లకు జబ్బు తిరగబెట్టి అక్క పోయింది.

ఆ తర్వాత పేజీలు రాయడం పట్టుబట్టి నేర్చుకున్నాను. సైట్ కావాలని ఎవరొచ్చినా, కాపీ మీ దగ్గర ఉండాదా అని ముందు అడిగేవాణ్ణి. మా అక్కకు ఆ మాట చెప్పినవాడు లేడు.

ఒక వేసవి సెలవుల్లో మేనకోడలు పుంగనూరు వచ్చింది. రెండో తరగతి అయిపోయింది. నా పక్కన కూర్చుని అడిగింది.

"మామా, అమ్మ గొంతు ఎట్లుండేది? నేను విన్నానంట. గుర్తుకు రాలేదు."

జోలపాట మాటలు నాకు వచ్చు. రెండు చరణాలు పాడాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, "ఇది నీ గొంతు గదా మామా," అంది.

"అవునమ్మా," అన్నాను.