టై కట్టుకున్న పెద్దమనిషి

నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పేసుకుంటాను, తరవాత మీరే కనిపెట్టారన్న పేరు మీకు దక్కకుండా. పన్నెండో ఏట నాకు ఇంగ్లండులోని ఒక పల్లెటూరు కంఠతా వచ్చు. ఆ ఊరి చర్చి గంటకు బీట ఎటువైపు పడిందో, చెరువులో బాతులకు ఏ వేళ రొట్టెముక్కలు వేస్తారో, పాత పిండిమర తగలబడ్డ రోజున ఎవరి గుర్రం ముందు సకిలించిందో గడగడా చెప్పేవాణ్ణి. సికింద్రాబాదు మెట్టుగూడలో మా ఇంటి వెనక గల్లీ ఎటు తేలుతుందో మాత్రం తెలియదు. అంతగా ప్రేమించిన ఆ ఊరంటే ఇప్పుడు నాకు పడదు. దాని పేరు కూడా మీకు చెప్పను. పాపం, ఆ ఊరు నాకేమీ చేయలేదు. ఏమీ చేయనివాళ్ల మీద కోపం పెంచుకోవడం చాలా సులువు, వాళ్లు వచ్చి సర్దిచెప్పరు.

మొన్న అటక మీది రేకు డబ్బా దింపేసరికి ఈ పాత కోపమంతా దానితోపాటు దిగింది. మూత తీయగానే తుప్పు వాసన, దాని కింద నీలిరంగు విమానం ఉత్తరాల జిగురు వాసన, ముక్కు ఇంకాస్త లోపలికి పెడితే, నా భ్రమే కావచ్చు, కాలిన మైదా, నెయ్యి, యాలకుల వాసన. ఆ డబ్బా మా నానమ్మ యాదమ్మది. ఎండాకాలం సెలవులు మొదలైన వారానికి ఆమె అందులో చక్కెర, సంచిలో మైదా, చెంబులో నెయ్యి పెట్టుకుని, నా రెక్క పట్టుకుని, రైలు పట్టాల అవతలి బేకరీకి నడిచేది. అప్పట్లో బిస్కెట్లు కొనుక్కోవడం కాదు, సామాను మనం తీసుకుపోతే బేకరీ సాయిబు పిండి కలిపి, అచ్చులు కొట్టి, భట్టీలో కాల్చి ఇచ్చేవాడు. కలిపినంతసేపూ నానమ్మ అక్కడినుంచి కదిలేది కాదు. భట్టీ సెగకు ముఖం ఎర్రబడి, చీర కొంగు తడిసి ముద్దయినా, పీట వేసుకుని నెయ్యి చెంబుకు ఎదురుగా కూర్చునేది.

"అమ్మా, మీ నెయ్యి నేనేం జేస్కుంట? జెర నమ్ముండ్రి" అనేవాడు సాయిబు.

"నిన్ను నమ్ముత సాయిబూ, నీ గంటెనే నమ్మ" అనేది నానమ్మ.

ఇంటికి వచ్చేదాకా డబ్బా వేడిగా ఉండేది. నెల రోజులు ఆ బిస్కెట్లే మాకు రాజ్యం. మధ్యాహ్నం గోటీలాటలో ఓడిపోయినవాడు గెలిచినవాడికి ఒక బిస్కెట్టు ఇవ్వాలి. నేను ఆడినంతకాలం గల్లీలో ఎవరూ ఆకలితో లేరు. రైల్వే వర్క్‌షాపు కూత వినబడగానే నానమ్మ నీళ్లు కాచేది, ఫిట్టరు పని నుంచి నాయిన నూనె మరకలతో వచ్చేవాడు, ఆస్పత్రిలో ఆయా పని చేసే అమ్మ చీకటి పడ్డాక వచ్చేది. వంట నానమ్మే చేసేది. మృగశిర కార్తె రోజు తడిసిన సంచిలో చేపలు, ఆషాఢంలో లష్కర్ బోనాలకు పసుపు ముఖం, నెత్తిన బోనం, నాకేమో ఫలహారం బండి మీదినుంచి విసిరిన ప్రసాదం. ఇన్ని ఉన్నా మా ఇంటికి వర్క్‌షాపు పొగ వచ్చినంత సులువుగా పొగడ్త ఎప్పుడూ రాలేదు. ఆ ఆకలి నాకు బాగా ఉండేది.

బడిలో మా పెద్దసారుకు మేం పెట్టుకున్న పేరు దొరసారు. ఏప్రిల్ నెలలో కూడా టై కట్టేవాడు. దాని ముడి ఎంత బిగువో ఆయన ముందు మా నోళ్లు అంత బిగువు. తెరిస్తే అక్షింతలే. "వస్తున్న కాదురా, వస్తున్నానండి. చివరి అక్షరాలు మీ ఇంట్లో ఎలకలు తింటాయా?" అని క్లాసు క్లాసంతా నవ్వేలా అడిగేవాడు. ఆయన చెప్పే ఇంగ్లీషు వ్యాసాల్లో ఎండ కాస్తే అందరూ సంతోషించేవారు, వాన పడితే పాడైపోయిన విహారయాత్ర గురించి విచారించేవారు. నలభై డిగ్రీల ఎండలో రుమాలు తడిపి నెత్తిన వేసుకుని, మొదటి చినుకు కోసం ఎదురుచూస్తూ, మేమంతా 'అయ్యో వాన వచ్చిందే' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాళ్లం.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆయన ఎక్కడినుంచో ఆ ఇంగ్లండు ఊరి బడితో ఉత్తరాల స్నేహం కుదిర్చాడు. దస్తూరీ బాగుందని రాసే పని నాకు ఇచ్చాడు. మాటలు ఆయనవి, చెయ్యి నాది. ఆయన చెప్పగా నేను రాసిన ప్రకారం మాకు గులాబీ తోట ఉంది, సాయంత్రం మేం వాహ్యాళికి వెళతాం. వాహ్యాళి అంటే ఏమిటో నాకు ఇప్పటికీ ఖాయంగా తెలియదు. బదులుగా అక్కడి పిల్లలు వాళ్ల ఊరి చరిత్ర వంతులవారీగా పంపేవారు: గంట, బాతులు, పిండిమర. వాళ్ల ఊళ్లో రాయి రాయికీ కథ ఉంది. మా ఊళ్లో రాళ్లు కుక్కల మీద వేయడానికే పనికొస్తాయనుకున్నాను.

ఒక ఉత్తరంలో వాళ్లు ఒక సాయం అడిగారు. ఎప్పటిదో కాలంలో వాళ్ల ఊరినుంచి సిపాయిగా వచ్చిన టామస్ అనే కుర్రాడు సికింద్రాబాదులో జ్వరంతో పోయాడట, అతని సమాధి ఉందో లేదో చూసి చెప్పగలరా అని. దొరసారు ఉప్పొంగిపోయాడు. "మన బడి పేరు నిలబడాలి. వెతికి పెట్టు" అన్నాడు. ఆయన మాత్రం రాలేదు, ఎండగా ఉందని. వ్యాసాల్లో ఎండంటే అంత ఇష్టపడే మనిషి.

నన్నొక్కణ్ణే పంపడం ఇష్టంలేక నానమ్మ నాతో వచ్చింది. కంటోన్మెంటు వైపున్న దొరల గోరీల్లో మోకాలెత్తు గడ్డి, విరిగిన రాళ్లు, అక్షరాలు కనబడకుండా నల్లటి నాచు. సమాధుల మధ్య సమాధానం వెతుక్కుంటూ మూడు ఆదివారాలు తిరిగాం. చదువు రాని నానమ్మ ముందు నడిచేది, చీపురుతో ఆకులు ఊడ్చేది, చెంబుతో నీళ్లు పోసి కొబ్బరి పీచుతో రాయిని రుద్దేది, "ఇగ సదువు" అనేది. నేను చదివేవాణ్ణి. కాదని చెబితే నడుము పట్టుకుని లేచి తరవాతి రాయికి పోయేది. మొదటి ఆదివారం ఏమీ దొరకలేదు, రెండోదీ అంతే. నేను విసిగిపోయి, లేదని రాసేద్దామన్నాను.

"తల్లి అడుగుతున్నట్టే గద బిడ్డా. లేదని ఎట్ల రాస్తవ్?" అంది.

మూడో ఆదివారం మధ్యాహ్నం, ప్రహరీ మూలన నేలలో సగం దిగబడ్డ ఒక రాయిని ఆమె రుద్దుతూ రుద్దుతూ ఉండగా ఆ పేరు బయటపడింది. కింద వయసు కూడా ఉంది, పందొమ్మిది. చదివి చెప్పాను. నానమ్మ పీచు పక్కన పెట్టింది.

"గింత దూరం ఎవలు రమ్మన్నరు బిడ్డా నిన్ను?" అంది దానితో. కోపంగానే అంది. అన్నాక కొంగున కట్టుకున్న బిస్కెట్టు విప్పి, రెండు ముక్కలు చేసి, ఒకటి రాయి మీద పెట్టింది. రెండోది నాకిచ్చింది.

వారం తిరిగేసరికి దొరసారు ఫోటో స్టూడియో అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సమాధి మీద చెయ్యి వేసి, దాన్ని తానే కన్నట్టు నిలబడ్డాడు. నేను పక్కన చేతులు కట్టుకున్నాను. బోనాలకు కట్టే చీర కట్టుకుని వచ్చిన నానమ్మ, చీపురు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని, ఒక అంచున నిలబడింది. "అమ్మా, జెర పక్కకు" అన్నాడు ఫోటో అతను. ఒక అడుగు జరిగింది. అయినా ఫోటోలో పడింది.

ఫోటో వెనక వివరం రాయడానికి దొరసారు నన్ను తన గదికి పిలిచాడు. నానమ్మ మీద వేలు పెట్టి, "ఈ చీపురు మనిషి ఎవర్రా?" అని అడిగాడు.

ఆయన గొంతులో ఆ 'చీపురు మనిషి' విన్నాక నా నాలుక తనకు తానే తిరిగింది. "మా ఇంట్లో వంట చేస్తుందండి" అన్నాను.

అబద్ధం కాదు చూశారా. అంత నాసిరకం పని చేసేటప్పుడు కూడా నిజమే చెప్పాను.

"శభాష్! చివరి అక్షరాలు వచ్చేశాయే" అని ఆయన నా భుజం తట్టాడు. నా జీవితంలో బడి ఇచ్చిన మొదటి పొగడ్త అది. ఆ ఊపులో, ఆయన చెప్పినట్టే, నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో రాశాను: సమాధిని కనిపెట్టిన మా ప్రధానోపాధ్యాయులు, ఒక విద్యార్థి, అతని ఇంటి వంటమనిషి.

ఇంటికి రాగానే నానమ్మ అడిగింది. "ఫోటో ఎనక నా గురించి ఏం రాసినవ్ బిడ్డా?"

"మా నానమ్మ అని రాసిన."

"పేరు సుత రాసినవా?"

"రాసిన."

మర్నాడే ఏ పనీ లేకుండా బేకరీకి పోయింది. "నా పేరు విలాయత్ పోయింది సాయిబూ" అని చెప్పింది. "ఇగ నిన్ను పట్టేటోళ్లు లేరు అమ్మా" అన్నాడతను. గల్లీలో వినని ఇల్లు లేదు. ఆ తరవాత ఆమె బతికిన అన్నేళ్లలో, మంచం పట్టిన చివరి రోజుల్లో కూడా, చూడవచ్చినవాళ్లకు ఈ ముచ్చట చెప్పేది. నా వైపు చూసి "అవునా బిడ్డా?" అనేది. అవుననేవాణ్ణి. ఆ ఒక్క మాటలో నేనెప్పుడూ చివరి అక్షరం తినలేదు.

మా ఇంట్లో ఉన్న ఫోటో కాపీ గోడ చెమ్మకు తెల్లబడిపోయింది. నానమ్మది ఇంకో ఫోటో లేదు. మొన్న డబ్బాలో ఆ ఉత్తరాలు చూశాక, తిట్టుకుంటూనే ఆ ఊరి పేరు ఫోనులో కొట్టాను. ఊరివాళ్లు తమ జ్ఞాపకాలూ చరిత్రా పెట్టుకునే పేజీ ఒకటి వచ్చింది. గంట ఉంది, బాతులున్నాయి, పిండిమర ఉంది. కిందికి జరిపితే మా నానమ్మ ఉంది. చీపురు, బోనాల చీర, పక్కకు జరిగిన అడుగుతో సహా. ఫోటో వెనకవైపు కూడా పెట్టారు. యాభై ఏళ్లుగా నా దస్తూరీ ఆ ఊళ్లో ఆమెను వంటమనిషి అంటూనే ఉంది. దాని కింద వాళ్ల విన్నపం: ఉత్తరాలు పోయాయి, ఫోటోలోని వారి పేర్లు తెలిసినవారు చెప్పగలరు.

రెండు రోజులు ఏమీ రాయలేదు. మెట్టుగూడ వెళ్లి తిరిగాను. ఇప్పుడు నెత్తిమీద మెట్రో పోతోంది. మేమున్న క్వార్టర్లు కూలగొట్టారు. బేకరీ ఉన్నచోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఇంటి మైదా మోసుకొచ్చి కాల్పించుకునేవాళ్లుండేవారని చెబితే ఆ దుకాణం అమ్మాయి, "ఆర్డర్ పెడితే ఇంటికే వస్తయి గద అంకుల్" అంది. గోరీలకూ వెళ్లాను. టామస్ పేరును నాచు మళ్లీ మింగేసింది. నేను రుద్దలేదు. కక్ష అని చెప్పుకున్నాను గాని, నిజానికి నడుము వంగలేదు.

ఇంటికి వచ్చి ఆ పేజీ చూసుకునే ఆవిడకు రాశాను. చీపురు పట్టుకున్నావిడ పేరు యాదమ్మ, సమాధిని వెతికి, కడిగి, కనిపెట్టింది ఆమె ఒక్కతే, ఆ కుర్రాడికి బిస్కెట్టు పెట్టింది కూడా ఆమే. పక్కనున్న పిల్లవాడు ఆమె మనవడు. వెనక ఉన్న రాత తప్పు, రాసింది నేనే. మర్యాదస్తురాలు, మర్నాడే మార్చింది. మార్చి, నాకు ఒక ప్రశ్న పంపింది: టై కట్టుకున్న ఆ పెద్దమనిషి పేరు కూడా చెప్పగలరా?

ఆయన పేరు నాకు ఇంటిపేరుతో, పొడి అక్షరాలతో, వెనక తగిలించుకున్న డిగ్రీలతో సహా గుర్తుంది. పరీక్ష కాగితాల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. టీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాసి, ఫోటో తీసి పంపాను.

"క్షమించండి, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అటుగా పోతూ ఫోటో కోసం ఆగిన ఎవరో అయ్యుంటారు."